అన్ని పనులూ మీవి కావు

ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. డిస్కౌంట్ ఉందని కొన్న ఆ గేమ్, కత్తులూ మంత్రాలూ డ్రాగన్లూ ఉన్న ఆ పెద్ద గేమ్, ఆఖరిసారి ఎప్పుడు తెరిచారు? కొన్న వారం శని, ఆదివారాలు భోజనం కూడా కంప్యూటర్ ముందే కానిచ్చారు. తర్వాత ఆఫీసులో పని పడింది, ఊరెళ్లొచ్చారు, ఇంట్లో చుట్టాలొచ్చారు. ఒకరోజు తీరిక చేసుకుని మళ్లీ తెరిచారు. తెరిస్తే ఏముంది? మీ హీరో ఏదో చీకటి గుహలో నిలబడి ఉన్నాడు. ఒంటి మీద మొయ్యలేనంత సామాను. చెయ్యాల్సిన పనుల జాబితా తెరనిండా ఉంది. ఎవరికి ఏం తెస్తానని మాటిచ్చారో, ఈ గుహలోకి అసలెందుకు దిగారో గుర్తు లేదు. కాసేపు అటూ ఇటూ తిరిగి మూసేశారు. అవునా?

లేదంటే మీది రెండో రకం. మీకు మూసెయ్యడమే చేతకాదు. ‘ఈ ఒక్క క్వెస్ట్ అయ్యాక పడుకుంటా’ అనుకుంటూ రాత్రి రెండు చేస్తారు. పొద్దున మీటింగులో ఆవలింతలు ఆపుకోలేక అవస్థ పడతారు.

పైకి ఇవి రెండు వేరువేరు సమస్యలు. మూలం మాత్రం ఒకటే: ఆట చూపించిన ప్రతి పనీ మనమే చెయ్యాలనుకోవడం.

ఆటలాడటం తప్పని చెప్పే ఉపన్యాసం ఇక్కడ ఉండదు. ఏళ్ల తరబడి సాగే సీరియళ్లను ఎవరూ ఏమీ అనని ఇళ్లలో, ఒక మంచి గేమ్ గురించి మాత్రం ఎందుకు తలదించుకోవాలి? ఆడండి. ఆడితే సరిగ్గా, సంతోషంగా ఆడండి. అదెలాగో చూద్దాం.

ఉదాహరణకి ఒక్క గేమ్ తీసుకుందాం: స్కైరిమ్. ‘ది ఎల్డర్ స్క్రోల్స్’ వరసలో ఇది ఐదోది. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో ఉన్న బెథెస్డా గేమ్ స్టూడియోస్, టాడ్ హోవర్డ్ సారథ్యంలో తయారుచేసి 2011 నవంబరు 11న విడుదల చేసింది. 2016లో స్పెషల్ ఎడిషన్, 2021లో యానివర్సరీ ఎడిషన్ వచ్చాయి. పాత గేమ్ కాబట్టి మామూలు కంప్యూటర్‌లోనూ నడుస్తుంది, సేల్‌లో చవగ్గా దొరుకుతుంది. పైగా మనం మాట్లాడుకుంటున్న జబ్బు దీంట్లో ముదిరినంతగా వేరే గేముల్లో ముదరదు.

ఎందుకంటారా? ఈ ఆటలో ఒకే మనిషి వైట్‌రన్ నగరంలో కంపానియన్స్ అనే యోధుల దళానికి నాయకుడు కావచ్చు. వింటర్‌హోల్డ్‌లో మంత్రవిద్య నేర్పే కాలేజీకి అధిపతి కావచ్చు. రిఫ్టెన్‌లో దొంగల ముఠాకి పెద్ద దిక్కు కావచ్చు. ఇవి చాలవన్నట్టు డార్క్ బ్రదర్‌హుడ్ అనే హంతకుల ముఠానీ నడిపించవచ్చు. అన్నీ ఒకేసారి! ‘ఏమయ్యా, ఇంతకీ నువ్వు దొంగవా, ప్రిన్సిపాల్‌వా?’ అని అడిగే నాథుడు ఆ రాజ్యంలో లేడు. దీనికి తోడు రేడియంట్ క్వెస్టులని ఉన్నాయి. ఇవి ఆట తనంతట తాను పుట్టించే పనులు. ఫలానా గుహలో బందిపోట్ల నాయకుణ్ణి చంపి రమ్మంటారు. చంపొస్తే ఇంకో గుహ పేరు చెప్తారు. వాటికి అంతు లేదు, ఉండకూడదనే అలా తయారుచేశారు. పెళ్లి భోజనంలో వడ్డించేవాడు తనంతట తాను ఆగడు, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాల్సింది మనమే. ఇక్కడా అంతే.

ఆ చెయ్యి ఎక్కడెక్కడ అడ్డం పెట్టాలో ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం.

1. ముందు మీ కంప్యూటర్ సంగతి తేల్చుకోండి

స్పెషల్ ఎడిషన్‌కి కనీసం 8 జీబీ ర్యామ్, 12 జీబీ ఖాళీ స్థలం కావాలి. స్టీమ్‌లో కొన్నట్టయితే ఒక వెసులుబాటు గుర్తుంచుకోండి. కొన్న 14 రోజుల్లోపు, మొత్తం 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే, అడిగితే డబ్బు వెనక్కిస్తారు. చాలామంది ఆ రెండు గంటల్లో సగం హీరో మొహం తయారుచేసుకోవడానికే తగలేస్తారు. ముక్కు పొడుగు, గడ్డం రంగు, కనుబొమల వంపు... తీరా చూస్తే ఆ మొహం మీద ఇనుప టోపీ పడుతుంది. ఆట మొదలయ్యేది హీరో కళ్లలోంచే కాబట్టి ఆ మొహం మీకు కనిపించేదీ తక్కువే. మొహం తర్వాత, ముందు గేమ్ నత్తనడక నడుస్తోందో లేదో చూసుకోండి.

మీ మానిటర్ 60 హెర్ట్జ్ కన్నా ఎక్కువదైతే ఫ్రేమ్ రేటు 60 దాటకుండా కట్టెయ్యండి. ఈ గేమ్‌లో వస్తువుల కదలిక ఫ్రేమ్ రేటుతో ముడిపడి ఉంది. అది దాటితే గిన్నెలు వాటంతటవే ఎగురుతాయి. మొదట్లో మిమ్మల్ని ఖైదీగా తీసుకెళ్లే గుర్రబ్బండే పల్టీలు కొట్టవచ్చు. కంప్యూటర్ పాడైందని కంగారుపడకండి.

ఇంకొకటి. ఆటలో తెలుగు లేదు. మాటలన్నీ ఇంగ్లిష్‌లో, అదీ చాలామందివి ఉత్తర యూరప్ యాసలో వినిపిస్తాయి. సెట్టింగ్స్‌లో సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ప్రతి మాటా అర్థం కాకపోయినా నష్టం లేదు. ఎక్కడికెళ్లాలో, ఎవర్ని కలవాలో జర్నల్‌లో రెండు ముక్కల్లో రాసే ఉంటుంది. దారుల్లో దొరికే వందలాది పుస్తకాలు చదివితే సరదా, చదవకపోతే ఆట ఆగదు.

2. పేరు టైప్ చేసేముందు కాగితం మీద ఒక్క వాక్యం రాయండి

నా లెక్కలో ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ఒక్క వాక్యం చాలు. ‘ఇతను కత్తి, డాలు పట్టే పాత సైనికుడు. మంత్రాలంటే నమ్మకం లేదు. దొంగతనం చెయ్యడు.’ లేదా, ‘ఈమె నిప్పు మంత్రాలు నేర్చిన అమ్మాయి. బరువైన కవచం వెయ్యదు. వింటర్‌హోల్డ్ కాలేజీలో చేరడమే లక్ష్యం.’ గమనించారా? రెండింటిలోనూ చేసే పని ఒకటుంటే, చెయ్యననే మాట కూడా ఒకటుంది. ఆ ‘చెయ్యడు’, ‘వెయ్యదు’ అనేవే మిమ్మల్ని కాపాడతాయి.

ఈ వాక్యం రాసుకోనివాళ్లకి ఏమవుతుందో ఊహించక్కర్లేదు, స్కైరిమ్ ఆడేవాళ్లందరికీ తెలిసిన జోకే అది. యోధుడిగా మొదలుపెట్టినా, మాంత్రికుడిగా మొదలుపెట్టినా చివరికి అందరూ చీకట్లో నక్కి బాణాలేసేవాళ్లే అవుతారు. అది తేలిక కాబట్టి. ఒకసారి అలా అయ్యాక ప్రతి గుహా ఒకేలా ఉంటుంది. వంగు, గురిపెట్టు, వదులు. అప్పుడు విసుగు రాక ఏమొస్తుంది?

జాతి ఎంచుకునే దగ్గర ఇంకో తడబాటు. మొత్తం పది జాతులు. నోర్డ్‌లకి చలి దెబ్బ సగమే తగులుతుంది, బ్రెటన్‌లకి మంత్రాల దెబ్బ 25 శాతం తగ్గుతుంది, ఆర్గోనియన్లు నీళ్లలోనూ ఊపిరి పీల్చగలరు. ఇవన్నీ మొదటి కొన్ని గంటలకి పనికొచ్చే చిన్న సాయాలు. ఏ జాతివాడైనా ఏ విద్యయినా నేర్చుకోవచ్చు. ఏది మంచిదని మూడు వీడియోలు చూడాల్సిన అవసరం లేదు. మీరు రాసిన వాక్యంలోని మనిషి ఎలా ఉంటాడో అలా ఎంచుకోండి.

ఆట మొదలయ్యే హెల్గెన్ నుంచి తప్పించుకుని రివర్‌వుడ్ ఊరికి వెళ్లే దారిలో మూడు రాళ్లు నిలబెట్టి ఉంటాయి: యోధుడు, మాంత్రికుడు, దొంగ. ఏ రాయిని తాకితే ఆ వర్గంలోని విద్యలు 20 శాతం వేగంగా వస్తాయి. మీ వాక్యాన్ని బట్టి ఒకటి తాకండి. తర్వాత మనసు మారితే వెనక్కొచ్చి ఇంకోటి తాకొచ్చు, ఏమీ అనరు.

లెవెల్ పెరిగినప్పుడు ఆరోగ్యం, మంత్రశక్తి, దమ్ము అనే మూడింటిలో ఒకదానికి 10 పాయింట్లు, దాంతోపాటు ఏదో ఒక విద్యకి పదును పెట్టుకునే పెర్క్ ఒకటి వస్తాయి. విద్యలు 18. అన్నిట్లోనూ ఒక్కొక్క పెర్క్ చల్లేవాడు ఎందులోనూ రాణించడు. ఏం పెట్టాలో తోచకపోతే పెర్క్ దాచుకోండి, మురిగిపోదు. ఒకసారి పెట్టింది మాత్రం మామూలుగా వెనక్కి రాదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మీ లెవెల్ పెరిగే కొద్దీ చాలాచోట్ల శత్రువులూ బలపడతారు. ఒకాయన కమ్మరి కొలిమి దగ్గరే కూర్చుని కత్తులు చేసి చేసి స్మిథింగ్ పెంచాడనుకోండి. లెవెల్ పెరిగింది, కత్తి తిప్పడం మాత్రం రాలేదు. బయటికి అడుగుపెట్టగానే తనకన్నా గట్టి బందిపోట్లు. ‘ఇంత కష్టపడినా ఓడిపోతున్నానేంటి?’ అని వాపోతాడు. కష్టం తప్పు చోట పడింది. మీ వాక్యంలోని మనిషి పోట్లాడే విద్యనే ముందు పెంచండి. ఇక్కడ విద్య వాడితే పెరుగుతుంది. కత్తి తిప్పితే కత్తి, డాలు అడ్డం పెడితే డాలు.

3. మొదట్లో ఒకటే దారి

మొదటి ఐదారు గంటలు ఊరేగకండి. రివర్‌వుడ్, అక్కడ్నుంచి కొండమీది బ్లీక్ ఫాల్స్ బారో సమాధి, తర్వాత వైట్‌రన్. అంతే. ఈ దారిలో ఆట మీకు కావాల్సినవన్నీ నేర్పేస్తుంది.

రివర్‌వుడ్ దుకాణదారుడు లూకన్ దగ్గర్నుంచి ఒక బంగారు పంజా ఎవరో ఎత్తుకుపోయారు. దాన్ని తెస్తానని ఒప్పుకుని బ్లీక్ ఫాల్స్ బారోలోకి దిగుతారు. లోపల ఒక గదిలో మూడు రాతి స్తంభాలు, ఒక లీవర్, మూసి ఉన్న ఇనుప గేటు ఉంటాయి. మీకన్నా ముందు వచ్చిన ఒక బందిపోటు ఏమీ చూడకుండా లీవర్ లాగుతాడు, బాణాలు తగిలి అక్కడే పడిపోతాడు. మీరు కంగారుపడకుండా తల పైకెత్తండి. గేటుపైన గోడలో రెండు రాతి మొహాలు, వాటి నోళ్లలో చెక్కిన బొమ్మలు. మధ్యలో ఖాళీ. మూడో మొహమేది? ఊడి కింద పడింది, మీ కాళ్ల దగ్గరే ఉంది. మూడు బొమ్మల వరసలో మూడు స్తంభాలూ తిప్పితే గేటు లేస్తుంది.

ఇంకా లోపలికెళ్తే, సాలీడు గూట్లో చిక్కుకున్న దొంగ దగ్గర ఆ బంగారు పంజా దొరుకుతుంది. చివర్లో పెద్ద రాతి తలుపు, దానిమీద ఒకదానిలో ఒకటి మూడు చక్రాలు, చక్రాల మీద జంతువుల బొమ్మలు. ఎంతమంది ఇక్కడ చక్రాలు తిప్పీ తిప్పీ విసిగి ఫోన్ తీసి వీడియో వెతుకుతారో! జవాబు మీ సంచిలోనే ఉంది. ఇన్వెంటరీ తెరిచి, బంగారు పంజాని దగ్గరికి తెచ్చి, మౌస్‌తో తిప్పి అరచేతివైపు చూడండి. దొంగ డైరీలోనూ ఇదే సూచన ఉంది. ఏ బొమ్మలో నేను చెప్పను.

వీడియో చూసి తలుపు తీస్తే తలుపు తెరుచుకుంటుంది, అంతకన్నా ఏమీ జరగదు. మీరే కనిపెడితే ఆ సాయంత్రమంతా మీది. కాబట్టి చిక్కు పడిన చోట ముందు పైనా కిందా చూడండి, తర్వాత చేతిలో ఉన్నది చూడండి, దొరికిన కాగితం చదవండి. అప్పటికీ తోచకపోతే, పావుగంట తర్వాత వీడియో. అదీ తప్పు కాదు.

అక్కడ దొరికిన డ్రాగన్‌స్టోన్‌ని వైట్‌రన్ కోటలోని మాంత్రికుడు ఫారెంగార్‌కి ఇవ్వండి. ఆ తర్వాత పశ్చిమ కావలి బురుజు దగ్గర మొదటి డ్రాగన్‌తో యుద్ధం. ఆ పోరాటం దాకా కథ సాగకపోతే మామూలు దారుల్లో డ్రాగన్లు రావు, డ్రాగన్ల భాషలో అరిచే శక్తీ మీ చేతికి రాదు. యుద్ధం గెలిచాక వైట్‌రన్ ప్రభువు మీకు లిడియా అనే అంగరక్షకురాలిని ఇస్తాడు. ఆమె సామాను కూడా మోస్తుంది. ఇప్పుడు ఆ సంగతే.

4. మూట తగ్గించండి

మనవాళ్లకి ఏదీ పారెయ్యబుద్ధి కాదు. ఖాళీ హార్లిక్స్ సీసా ఇరవయ్యేళ్లు దాచే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. గుహలో బకెట్లు, చీపుళ్లు, ఇనుప గొడ్డళ్లు, పాత గిన్నెలు కనిపిస్తే చెయ్యి ఊరుకుంటుందా? ‘ఎప్పుడైనా పనికొస్తుంది.’ ఈ మాట అనుకున్నప్పుడల్లా ఆగండి. హీరో మొదట మొయ్యగలిగేది 300 బరువు. అది దాటితే పరుగు ఆగిపోతుంది, మ్యాప్ మీద నొక్కి వేరే ఊరికి వెళ్లడమూ కుదరదు. అప్పుడు నడిరోడ్డు మీద సంచి తెరిచి ఏది పారెయ్యాలో తేల్చుకోలేక సతమతమవుతారు. చూస్తే సాయంత్రం అయిపోతుంది.

లెక్క ఒకటి చెప్తాను. వస్తువు విలువని దాని బరువుతో భాగించండి. పదికన్నా తక్కువొస్తే వదిలెయ్యండి. ఇనుప కవచం బరువు 30, విలువ 125. నాలుగు చిల్లర. వద్దు. బంగారు గొలుసు బరువు అర, విలువ 120. జేబులో వేసుకోండి. ఇనుప కత్తి బరువు 9, విలువ 25. ముట్టుకోకండి. బాణాలకీ, తాళాలు తీసే పుల్లలకీ, బంగారు నాణేలకీ బరువు లేదు, దొరికినన్ని తీసుకోండి. మందు సీసాలు, మంత్రం పొదిగిన ఆయుధాలు బరువున్నా తీసుకోవచ్చు.

అయినా దోచుకొచ్చిందంతా అమ్మి కోట్లు గడించాలనుకునేవాళ్లుంటారు. కానీ దుకాణదారుల దగ్గరా డబ్బు కొద్దిగానే ఉంటుంది. అయిపోతే ఆటలో రెండు రోజులు ఆగితే గానీ మళ్లీ రాదు. వైట్‌రన్‌లో మొదటి ఇల్లు 5000 బంగారు నాణేలు. దానికోసం చీపుళ్లు అమ్మక్కర్లేదు, నాలుగు గుహలు సరిగ్గా చూసుకుంటే వచ్చేస్తుంది. ఇల్లు కొనేదాకా ఊళ్లో కనిపించిన పీపాల్లో మీ సామాను దాచకండి. కొన్ని పీపాలు కొన్నాళ్లకి ఖాళీ అయిపోతాయి, ఏవి ఖాళీ అవుతాయో మీకు తెలియదు.

5. సేవ్ విషయంలో బద్ధకం పనికిరాదు

వేసవి సాయంత్రం, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజు. ఇన్వర్టర్‌కి ఫ్యాను, లైటు కలిపారుగానీ కంప్యూటర్ కలపలేదు. గంటన్నర కష్టపడి గుహ చివరికొచ్చారు. టప్పున తెర నల్లబడింది. అప్పుడు ఎవర్ని తిడతారు?

గుహలోకి దిగేముందు ఒకసారి, పెద్ద తలుపు తీసేముందు ఒకసారి, ఎవరితోనైనా ముఖ్యమైన మాట మొదలుపెట్టేముందు ఒకసారి ఎఫ్5 నొక్కండి. తిరిగి అక్కడికి రావడానికి ఎఫ్9. కానీ ఎఫ్5 పాత క్విక్‌సేవ్ మీదే రాసేస్తుంది. అగాధంలో పడిపోతున్నప్పుడు పొరపాటున నొక్కితే ఎన్నిసార్లు తెరిచినా పడిపోతూనే ఉంటారు. అందుకని రోజుకొకసారైనా ఎస్కేప్ నొక్కి, విడిగా కొత్త సేవ్ చెయ్యండి. పాతవి ఐదారు ఉంచుకుని మిగతావి తీసెయ్యొచ్చు.

మరి తప్పు జరిగిన ప్రతిసారీ వెనక్కెళ్లి సరిదిద్దుకోవచ్చా? రివర్‌వుడ్‌లో పొరపాటున కోడిని చంపితే ఊరు ఊరంతా మీ మీద పడుతుంది. అలాంటప్పుడు ఎఫ్9 నొక్కండి, ఎవరూ తప్పుపట్టరు. జేబు కొట్టబోయి దొరికిపోయిన ప్రతిసారీ నొక్కుతూ కూర్చుంటే మాత్రం అది ఆడటం కాదు. దొరికిపోతే జరిమానా కట్టండి, లేదా జైలుకెళ్లండి. జైల్లోంచి తప్పించుకునే దారి కూడా ఈ ఆటలో ఉంది. దాన్ని చూడకుండా పోతారెందుకు?

6. ఓడిపోతే ఆట మీద అలగకండి

వైట్‌రన్ చుట్టూ మైదానాల్లో పెద్ద పెద్ద మామత్ ఏనుగుల మందల్ని కాస్తూ రాక్షసులు తిరుగుతుంటారు. మరీ దగ్గరికెళ్తే తప్ప వాళ్లంతట వాళ్లు మీ జోలికి రారు. కొత్తగా కత్తి పట్టినవాళ్లు వెళ్లి గిల్లుతారు. ఒక్క గద దెబ్బకి ప్రాణం పోయి, శవం ఆకాశంలోకి ఎగిరిపోతుంది! నవ్వుకోండి, వదిలెయ్యండి. పది లెవెళ్ల తర్వాత రండి. హై హ్రోత్‌గార్ మఠానికి వెళ్లే ఏడువేల మెట్ల దారిలో ఒక మంచు ట్రోల్ కూర్చుని ఉంటుంది, చాలామందికి అక్కడే చుక్కలు కనిపిస్తాయి. దానికి నిప్పంటే పడదు. నిప్పు మంత్రం మొదట్నుంచీ మీ దగ్గర ఉంది, వాడారా?

మూడుసార్లు ఓడితే ఈ మూడు చూసుకోండి. సంచిలో మందు సీసాలు తాగకుండా దాచుకుంటున్నారా? సంచి తెరిస్తే యుద్ధం ఆగిపోతుంది, తాపీగా తాగొచ్చు. శత్రువు ఎప్పుడూ చేసే దాడికి విరుగుడు ఏదైనా ఉందా? రెండూ చూసి లాభం లేకపోతే సెట్టింగ్స్‌లో కష్టం తగ్గించండి. మామూలుగా ఆట ‘అడెప్ట్’ మీద ఉంటుంది. ‘నోవిస్’కి మారిస్తే మీ దెబ్బ రెట్టింపు పడుతుంది, మీకు సగమే తగులుతుంది. ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఎవరికీ తెలియదు. ఉద్యోగం, ఇల్లు చూసుకుని రోజూ గంటో గంటన్నరో ఆడేవాళ్లు దీనికి సిగ్గుపడాల్సిన పనే లేదు. సిగ్గంతా కాలేజీ కుర్రాళ్లకి వదిలెయ్యండి.

7. జర్నల్‌లో ఒక్క బాణమే

‘జె’ నొక్కితే జర్నల్ వస్తుంది. ఎన్ని క్వెస్టులు టిక్ చేసి ఉంటే అన్ని బాణాలు తెరమీద ఊగుతూ ఉంటాయి. అన్నీ తీసేసి ఒక్కటే ఉంచండి. అది అయ్యాకే రెండోది.

మరి దారిలో ఎవరో ఒకరు పిలిచి పని చెప్తే? వినండి. మీ వాక్యంలోని మనిషి ఈ పని చేస్తాడా అని అడగండి. పాత సైనికుడికి దొంగల ముఠా కబురు పెడితే ఏమంటాడు? ‘నాకొద్దు’ అంటాడు. పని జర్నల్‌లోకి ఎక్కేసినా పర్వాలేదు. చెయ్యనంత మాత్రాన ఆ ఊరు తగలబడదు, ఆ మనిషి అక్కడే నెలల తరబడి నిలబడి మీకోసం ఎదురుచూస్తూ ఉంటాడు. లోకాన్ని మింగేస్తానన్న డ్రాగన్ ఆల్డుయిన్ కూడా మీరొచ్చేదాకా ఆగుతాడు. స్కైరిమ్‌లో తొందరపెట్టే మాటలు బోలెడు, నిజమైన గడువులు చాలా తక్కువ.

8. ఆపే టైము కాదు, ఆపే చోటు పెట్టుకోండి

‘పదకొండుకి ఆపేస్తా’ అనుకుంటారు. పదకొండుకి ఐదు నిమిషాల ముందు కొత్త గుహ ద్వారం కనిపిస్తుంది. ఇక ఆగుతారా? అందుకని గడియారాన్ని కాకుండా ఆటలోని మంచాన్ని నమ్ముకోండి. చేతిలో ఉన్న పని ముగియగానే దగ్గర్లోని సత్రానికి వెళ్లండి. రివర్‌వుడ్‌లో స్లీపింగ్ జెయింట్, వైట్‌రన్‌లో బ్యానర్డ్ మేర్. 10 నాణేలిస్తే గది. హీరోని పడుకోబెట్టండి, అక్కడ సేవ్ చేసి లేవండి. అలా నిద్ర లేచిన హీరోకి ఆటలోని ఎనిమిది గంటలపాటు విద్యలు 10 శాతం వేగంగా వస్తాయి. ఆటలో కాలం మనకన్నా ఇరవై రెట్లు వేగం, కాబట్టి మన లెక్కలో అది 24 నిమిషాలు. మర్నాడు కూర్చోగానే ఆ లాభం మీకే.

గుహలోకి దిగాలంటే చేతిలో గంట ఉండాలి. లేకపోతే ఆ పూట ఊళ్లో చేసే పనులు చూసుకోండి: సరుకులమ్మడం, ఇల్లు సర్దుకోవడం, సత్రంలో పాట వినడం.

లేచేముందు మీరు రాసుకున్న కాగితం మీదే ఇంకో ముక్క రాయండి: ‘పంజా లూకన్‌కి ఇచ్చాను. రేపు వైట్‌రన్, ఫారెంగార్.’ పదిహేను రోజుల తర్వాత తెరిచినా ఎక్కడున్నారో తెలుస్తుంది. మొదట్లో చెప్పిన మొదటి రకం వాళ్లకి మందు ఇదే.

ఇంట్లోవాళ్ల సంగతి కూడా చెప్పాలి. స్కైరిమ్ ఒక్కరే ఆడే ఆట, ఆన్‌లైన్ కాదు. ఎస్కేప్ నొక్కితే లోకమంతా ఆగిపోతుంది. అన్నం చల్లారిపోతోందని పిలిస్తే ‘మధ్యలో ఆపలేను’ అనకండి, అది అబద్ధం. పిల్లలు పక్కన చేరేముందు ఇంకోటి గుర్తుంచుకోండి. ఈ గేమ్‌కి అమెరికాలో 17 ఏళ్లు నిండినవాళ్లకనీ, యూరప్‌లో 18 నిండినవాళ్లకనీ రేటింగ్ ఇచ్చారు. ఆట మొదలైన కాసేపటికే మీ కళ్లముందు ఒక ఖైదీ తల నరుకుతారు. డ్రాగన్ బొమ్మ చూసి చిన్నపిల్లల ఆటనుకోకండి.

9. మోడ్స్ తర్వాత

ఆటకి కొత్త హంగులు చేర్చే మోడ్స్ వేలల్లో దొరుకుతాయి. మొదటి ప్రయాణానికి అవేమీ వద్దు. ఆటలోని తప్పుల్ని సరిదిద్దే అనఫిషియల్ ప్యాచ్ ఒక్కటి కావాలంటే వేసుకోండి. ఆడేవాళ్లలో ఒక తెగ ఉంది, వాళ్లు రోజూ మోడ్స్ సర్దుతూనే ఉంటారు, ఆట మాత్రం హెల్గెన్ దాటదు. యానివర్సరీ ఎడిషన్ కొన్నవాళ్లకి అదనపు క్వెస్టులు జర్నల్‌లోకి వరసగా వచ్చి పడతాయి. వాటికీ ఏడో సూత్రమే.

చివరిగా ఒక సంగతి. ఆల్డుయిన్ కథ ముగిశాక తెరమీద ‘సమాప్తం’ పడదు. పేర్లూ రావు. మీ హీరో కొండమీద నిలబడి ఉంటాడు, జర్నల్‌లో పనులు ఇంకా మిగిలే ఉంటాయి. మీ వాక్యంలోని మనిషి కథ అక్కడితో అయిపోయిందనిపిస్తే సేవ్ చేసి మూసెయ్యండి. కొత్త కాగితం తీసి ఇంకో వాక్యం రాయండి. ఇంకా తొమ్మిది జాతులున్నాయి.